ఆన్స్‌గర్ అనే పేరు పంపకం

గోదావరి లంకల్లో పుట్టి, ప్రస్తుతం అమెరికా దేశం ఇల్లినాయి రాష్ట్రం నేపర్‌విల్‌లో కాపురం ఉంటున్న వాణ్ణి, కీర్తిశేషులు కొల్లాబత్తుల దైవసహాయం గారి పెద్దకొడుకుని, యాభై ఏడేళ్ళ వయసువాణ్ణి, కొల్లాబత్తుల ఆన్స్‌గర్ అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. బలవంతం లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. నాలుగు నెలలుగా మా వాళ్ళు నన్ను తలో వైపునించీ పీకుతున్నారు. ఆ పీకుడు ఆగుతుందేమోనన్న ఆశతోనే రాస్తున్నాను.

నా బుద్ధి సవ్యంగానే ఉంది. కిందటి నవంబరులో నా గుండెకి స్టెంట్ వేసిన డాక్టరు గారు నేను బాగానే ఉన్నానని రాసిచ్చారు. తాను చూసింది గుండె ఒక్కటేననీ, బుద్ధి సంగతి ఇంట్లో వాళ్ళని అడగమనీ అన్నారు. నేను అడగలేదు.

ఇల్లు, కార్లు, రిటైర్మెంట్ ఖాతా వగైరాలన్నీ లాయరు గారు ఇంగ్లీషులో రాసిన విల్లులో ఉన్నాయి. అన్నీ నా భార్య నవోమికి, ఆమె తర్వాత మా అమ్మాయి పర్సిస్‌కి. అందులో తగాదా ఏమీ లేదు. లాయరు గారికి అంతుపట్టని ఆస్తి ఒకటి మిగిలిపోయింది. అది నా పేరు. దాని మీద మాత్రం కోర్టుకి ఎక్కేటట్టున్నారు. కాబట్టి ఆస్తి విషయంలో ఆ కాగితం, పేరు విషయంలో ఈ కాగితం చెల్లుతాయి. రెండింటినీ అమలు జరపాల్సింది పర్సిస్. ఆ పిల్లకి చిన్నప్పటినించీ అందరి మీదా అజమాయిషీ అలవాటే.

1. తగాదా ఏమిటంటే

పర్సిస్, ఆమె భర్త జితేందర్ హెర్న్‌డన్‌లో ఉంటారు. ఈ ఏప్రిల్‌లో వాళ్ళకి బిడ్డ పుట్టబోతున్నాడు. మగపిల్లాడని రక్తపరీక్షలో తెలిసిన రోజునే మా అల్లుడు ఫోన్ చేశాడు. "మామా, మీ పేరే పెడ్దమనుకుంటున్నం. వెబ్‌సైట్ల చూసిన. గీ పాత జర్మన్ పేర్లు ఇప్పుడు మస్తు ట్రెండింగ్. ఆన్స్‌గర్ అయితే ఇంకా రేర్. క్లాసుల ఇంకోడు ఉండడు" అన్నాడు. ఇంకొకడు ఉండడన్న మాటకి నేను పూచీ. ఊహ తెలిసినప్పటినించీ వెతుకుతూనే ఉన్నాను.

మా వియ్యపురాలు సుధ గారు కరీంనగర్ నించి స్పీకర్ ఫోన్లో నవోమితో అందుకున్నారు. "గదేం పేరు వదినా? తొట్లెల ఏసేనాడు పిలగాని చెవుల ఎట్ల చెప్తం? నా నోట్లె అయితే తిరుగుతలేదు." ఆవిడకి నక్షత్రం ప్రకారం వచ్చే అక్షరంతో మొదలయ్యే పేరు కావాలి.

ఎడిసన్‌లో ఉన్న మా తమ్ముడు షాలేం రాజుకి ఈ కబురు ఎవరు చేరేశారో తెలీదు. "అన్నయ్యా, అది కొల్లాబత్తుల వారి పేరు. ఆడపిల్ల కొడుక్కి ఎలా పోద్ది? మా సామ్యూల్ కొడుక్కి ఉంచు" అన్నాడు. వాడి కొడుకు సామ్యూల్‌కి ఇంకా పెళ్ళి కాలేదు. అమ్మాయినీ చూడలేదు. పేరు మాత్రం రిజర్వేషన్ చేయించాలట.

నవోమి మూడో రోజు పప్పు తాలింపు పెడుతూ, నా వైపు చూడకుండా అంది. "ఆ పేరు పెడితే నా మనవణ్ణి నేనేమని పిలుచుకోను?"

ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ళకి ఈ ముక్క అర్థం కాదు కాబట్టి రాస్తున్నాను. మా వైపు ఆ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు, మామగారి పేరు నోటితో అనరు. దేవుడు పెట్టిన రూలు కాదు, బైబిల్లో లేదు, అనొచ్చమ్మా అని పాస్టరు గారే చెప్పారు. అయినా నవోమి నాలుక మీద ఆ మాటకి వీసా రాలేదు. పెళ్ళైన కొత్తలో నేను "ఏవండీ"ని. పిల్ల పుట్టాక "పర్సిస్ డాడీ"ని. ఇన్నేళ్ళ కాపురంలో నాకు ప్రమోషన్ అంటూ వచ్చింది అదొక్కటే.

2. ఆస్తి వివరం, అది సంక్రమించిన విధం

ఆన్స్‌గర్ అనేది పాత జర్మన్ పేరు. అందులో రెండు ముక్కలున్నాయి. మొదటిదానికి దేవుడని, రెండోదానికి బల్లెమని అర్థం. దేవుడి బల్లెం అన్నమాట. నన్ను చూసినవాళ్ళెవరికీ ఇంతవరకు బల్లెం గుర్తురాలేదు. మహా అయితే మడిచిన గొడుగు గుర్తొస్తుంది.

సుమారు పన్నెండు వందల ఏళ్ళ కిందట ఆ పేరుగల బిషప్పు ఒకాయన హాంబర్గ్‌లో ఉండేవాడు. డెన్మార్క్, స్వీడన్ వాళ్ళకి సువార్త చెబుదామని బయల్దేరాడు. వాళ్ళు వినకపోగా, ఓడల్లో వచ్చి హాంబర్గ్‌లో ఆయన చర్చినే తగలబెట్టారు. ఈ పేరు పెట్టుకున్నవాళ్ళకి కష్టాలు అప్పుడే మొదలయ్యాయి. పోయాక ఆయన్ని సెయింటుని చేసి, ఫిబ్రవరి మూడో తారీఖు ఆయన పండగ అన్నారు. బతికుండగా వినిపించుకోకుండా తర్వాత పండగలు చేయడం అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది.

ఇక వాడకం సంగతి. నార్వే, డెన్మార్క్ వైపు అక్కడక్కడా పెడుతుంటారు. జర్మనీలో ముసలాళ్ళకి ఉంటుంది. ఆస్కార్ అనే పేరు దీనికి దూరపు చుట్టమని కొందరు, కాదని కొందరు. అమెరికాలో మొదటి వెయ్యి పేర్లలో ఇది ఏనాడూ లేదని జితేందరే వెతికి చెప్పాడు, అదేదో శుభవార్త అయినట్టు.

గోదావరి లంకల్లోకి అది పడవ మీద వచ్చింది. మిషను బడి పెట్టడానికి ఆన్స్‌గర్ దొర అని ఒకాయన వస్తే, ఆయన్ని ఏరు దాటించేవాడు మా ముత్తాత చిట్టియ్య. చిట్టియ్యకి కొడుకు పుట్టాడు, మా తాత. బాప్తిస్మం నాడు దొరగారు దావీదు అన్నాడు, యోహాను అన్నాడు. మా ముత్తాత ఒప్పుకోలేదు. "మీ పేరే పెట్టండి బాబూ" అని పట్టు పట్టాడు. మా దేశంలోనే ఈ పేరు మొయ్యలేక చస్తున్నారయ్యా అని దొర నవ్వాడట. అయినా వినలేదు. భక్తితో అని అందరూ అనుకున్నారు. అసలు సంగతి వేరు. తాలూకా ఆఫీసుకి వెళ్తే మా వాళ్ళని ఎవరూ కూర్చోమనేవారు కాదు. దొర పేరున్నవాడొస్తే కుర్చీ వేస్తారు కదా అని ఆయన లెక్క.

ఆ లెక్క సగం నిజమైంది. మా తాత పేరు రాసిన కాగితం లోపలికి వెళ్ళగానే బంట్రోతు కుర్చీ తుడిచి వేసేవాడట. వచ్చిన మనిషిని చూసి తీసేసేవాడట.

3. ఆస్తికి చతుస్సరిహద్దులు

తూర్పు: మా ఊరి బడిలో తెలుగు మేష్టారు. "నీ పేరు చివర గారు ఏంట్రా, నిన్ను నేను గారు అనాలా?" అని ఆ ముక్క కోసి పారేసి, ఐదో తరగతి దాకా "ఒరే ఆన్సూ" అన్నారు.

దక్షిణం: చెన్నైలో వీసా ఆఫీసరు. పాస్‌పోర్టు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ పాస్‌పోర్టు చూశాడు. జర్మనా అన్నాడు. పునాది జర్మనీ, పైకప్పు కోనసీమ అందామనుకున్నాను. వీసా అవసరం నాది కాబట్టి ఊరుకున్నాను.

పడమర: ఈ దేశపు కాఫీ కొట్లు. నా కప్పుల మీద ఇంతవరకు రాసిన పేర్లన్నీ కలిపితే ఒక చిన్న ఊరి ఓటర్ల జాబితా అవుతుంది. విసుగొచ్చి ఇప్పుడు కాఫీ జితేందర్ పేరు మీద తీసుకుంటున్నాను.

ఉత్తరం: మా ఆఫీసులో డెన్మార్క్ నించి వచ్చిన కొలీగ్. మొదటి మీటింగ్‌లో నన్ను చూసి, "మా తాత పేరు" అన్నాడు. "మా తాతదీ అదే" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం లాప్‌టాప్‌లు తెరుచుకున్నాం.

ఈ నాలుగు హద్దుల మధ్యా, ఇల్లు కట్టాల్సిన చోట, ఖాళీ స్థలం. ఇంట్లో ఆ పేరు అన్నవాళ్ళెవరూ లేరు. మా అమ్మకి అది మామగారి పేరు, కాబట్టి నన్ను "అబ్బాయ్" అనేది. నాన్నకి సొంత తండ్రి పేరు, ఎలా తిడతాడు? "ఏరా" అనేవాడు. నా పేరు పలికినవాళ్ళందరూ బయటివాళ్ళు. తప్పు పలికినవాళ్ళందరూ కూడా వాళ్ళే.

4. స్టీలు క్యారేజీ

నేను హైస్కూలుకి పక్క ఊరు వెళ్ళేటప్పుడు మా అమ్మ రెండు గిన్నెల క్యారేజీ కొంది. సంతలో పేర్లు కొట్టే అతని దగ్గరకి తీసుకెళ్ళింది. అతను మేకు మీద సుత్తి ఆనించి, "పేరు చెప్పమ్మా" అన్నాడు. మా అమ్మ నన్ను చూసింది, క్యారేజీని చూసింది. నా భుజం పట్టి ముందుకు తోసి, "నువ్వే చెప్పుకో" అంది. నేను చెప్పాను. అతను కొడుతున్నంతసేపూ మా అమ్మ వంగి చూసింది. తర్వాత ఇంటికి వచ్చేదాకా బొటనవేలితో ఆ అక్షరాలు తడుముతూనే ఉంది.

ఆ క్యారేజీ వంటింట్లో పై అరలో, అన్నిటికంటే వెనక ఉంది. దాన్ని పర్సిస్ కొడుక్కి ఇస్తున్నాను. వాడి పేరు ఏదైనా సరే. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

5. మా తమ్ముడు షాలేం రాజుకి

వీడు నాకంటే ముందు అమెరికా వచ్చాడు. నేను దిగాక ఎడిసన్‌లో వాడి అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాను. దానికి కృతజ్ఞుణ్ణి. అయితే దిగిన వారంలోనే, నన్నొక మాట అడక్కుండా, మనవాళ్ళ కొట్లన్నీ ఉండే ఓక్ ట్రీ రోడ్డు మీద కనపడ్డ ప్రతివాడికీ నన్ను "మా బ్రదర్ ఆండీ" అని పరిచయం చేశాడు. "అసలు పేరు చెప్తే ఇంటర్వ్యూలు రావన్నయ్యా" అన్నాడు. రెజ్యూమె మీద కూడా అదే కొట్టాడు. కొన్నేళ్ళపాటు నేను ఆండీగా కోడు రాశాను, ఆండీగా లేఆఫ్ అయ్యాను. నా పేరుని గేటు బయట చెప్పుల దగ్గర విప్పించినవాడు, అది ట్రెండింగ్ అని వినగానే వంశం, హక్కు అంటున్నాడు.

ఆ రోజుల్లో ఆఫీసువాళ్ళు ఇచ్చిన, ఆండీ అని రాసిన కాఫీ మగ్గు నా దగ్గరే ఉంది. దాన్నీ, ఆండీ అనే పేరునీ, సర్వహక్కులతో షాలేం రాజుకి దఖలు పరుస్తున్నాను. సామ్యూల్ కొడుక్కి అది పెట్టుకోవచ్చు. నా మంచుకోటు కూడా వాడికే. ఎడిసన్‌లో కొత్తగా దిగినప్పుడు తన కోటు విప్పి నాకు తొడిగినవాడు వాడే. ఆ కోటు చిరిగేదాకా వాడాను కాబట్టి, బదులుగా ఇది.

6. అల్లుడు జితేందర్‌కి

అయోవా రాష్ట్రంలో సెయింట్ ఆన్స్‌గర్ అని ఒక చిన్న ఊరుంది. కిందటి వేసవిలో ఇతను కనిపెట్టి, "మామా, మీ పేరు మీద ఊరే ఉంది, పోవాలె" అని కూర్చున్నాడు. మొక్కజొన్న చేలమధ్య గంటల తరబడి డ్రైవ్ చేశాడు. దారంతా మొక్కజొన్నే. నాకు ఆకలి, నవోమికి నడుం నొప్పి, పర్సిస్‌కి సిగ్నల్ లేదు. ఊరి బోర్డు కనపడగానే ఇతను కారాపి, నన్ను దాని పక్కన నిలబెట్టి ఫొటోలు తీశాడు. ఎండలో నేను కళ్ళు చికిలించి నిలబడ్డాను. ఆ ఫొటోలో బల్లెం ఎక్కడా కనపడదు.

తర్వాత ఒక చిన్న హోటల్లోకి వెళ్ళాం. టేబుళ్ళు తుడుస్తున్న పెద్దావిడ మాటల్లో నా పేరు అడిగింది. చెప్పాను. వేళాకోళం అనుకుంది. లైసెన్సు చూపించాను. ఆవిడ వంటవాణ్ణి కేకేసింది. ఈ ఊళ్ళో ఆ పేరుగల మనిషిని ఇంతవరకు చూళ్ళేదని చెప్పి, కిటికీ పక్కనున్న మంచి కుర్చీ తుడిచి, లాగి, నన్ను కూర్చోమంది. ఆపిల్ పై తెచ్చిపెట్టింది. నేను తినేలోపు ఆ కుర్చీ తీసేయలేదు.

మా ముత్తాత అడిగింది అయోవాలో దొరికింది. ఈ మాట ఆ రోజు నేనెవరికీ చెప్పలేదు. ఆ ఫొటో, ఫ్రేముతో సహా, జితేందర్‌కి. ఆ ఊరు చూశాకే వాడికి ఈ పేరు పిచ్చి పట్టింది. అయినా కోపం లేదు. నా పేరు కోసం అంత పెట్రోలు కాల్చినవాడు ఇంకొకడు లేడు.

7. వియ్యపురాలు సుధ గారికి

మా కరివేపాకు కుండీ. వచ్చిన ప్రతిసారీ దాన్ని ఆవిడ చూసే చూపు నేను గమనిస్తూనే ఉన్నాను. విమానంలో పట్టుకెళ్ళనివ్వరు కాబట్టి హెర్న్‌డన్‌లో ఉంచుకోవచ్చు. చలి మొదలవకముందే ఇంట్లో పెట్టాలి. పేరు విషయంలో ఆవిడ చెప్పిన అభ్యంతరం న్యాయమైనదే. నోరు తిరగకపోవడం ఆవిడ తప్పు కాదు, మా ముత్తాతది.

ఆసుపత్రికి వెళ్ళకముందు నా నిర్ణయం ఒకటే. ఈ నలుగురి గోలా భరించలేక, పేరుని నాతో పాటే సమాధిలో పెట్టెయ్యమని రాద్దామనుకున్నాను. తర్వాతి రెండు క్లాజులూ ఆ నిర్ణయం ఎందుకు మారిందో చెప్పడానికి.

8. నేపర్‌విల్ తెలుగు చర్చివారికి

మనం అద్దెకి తీసుకున్న హాల్లో ప్రతి ఆదివారం కుర్చీలు వేసేదీ, మడిచేదీ నేనే. సంఘం పిల్లలకి నేను కుర్చీల అంకుల్ని. ముత్తాత ఒక్క కుర్చీ కోరుకుంటే దేవుడు హాలు నిండా ఇచ్చాడు, మొయ్యడం కూడా కలిపి ఇచ్చాడు.

కిందటి నవంబరులో ఆరాధన అయ్యాక, భోజనాలయ్యాక, కుర్చీలు మడుస్తూ పడిపోయాను. అంబులెన్సు వచ్చింది. వచ్చినవాళ్ళు ముందు నవోమిని అడిగారు, ఈయన పేరేమిటని. ఆవిడ నోరు తెరిచింది. కంగారులో, భయంలో, ఎప్పుడూ వచ్చే మాటే వచ్చింది. "పర్సిస్ డాడీ" అంది. డాడీ సంగతి వాళ్ళకి తెలుసు కాబట్టి ముందు మాట తీసుకున్నారు. పక్కవాళ్ళని అడిగారు. కొత్తగా వచ్చిన పాస్టరు గారు "మా బ్రదర్ గారు" అన్నారు. పిల్లలు "చైర్స్ అంకుల్" అన్నారు. అంతమందిలో నా పేరు తెలిసినవాళ్ళు లేరు. నా లైసెన్సు కోటు జేబులో ఉంది, కోటు హాలు బయట కొక్కేనికి ఉంది.

అలా నేను అంబులెన్సులో మా అమ్మాయి పేరుతో ప్రయాణం చేశాను. "పర్సిస్, కళ్ళు తెరవండి. పర్సిస్, నా మాట వినపడుతోందా?" అని ఒకాయన గట్టిగా పిలుస్తూనే ఉన్నాడు. వినపడుతోంది. పర్సిస్ హెర్న్‌డన్‌లో ఉంది కదా, పాపం ఈయన ఇక్కడెందుకు పిలుస్తున్నాడు అనుకున్నాను. నేను కళ్ళు తెరవలేదు. ఆ పిలుపు నాది కాదు.

చర్చికి నా తోలు గ్లవ్స్ ఇస్తున్నాను. కుర్చీ మడిచేటప్పుడు వేళ్ళు నలగవు. దీనితో పాటు ఒక మనవి. నెలకొక ఆదివారమైనా సంఘంలో ఉన్నవాళ్ళందరి పేర్లూ పైకి చదివించండి. బ్రదర్లు, సిస్టర్లు, అంకుళ్ళు, ఆంటీలు తగ్గించి, మనుషుల పేర్లు.

9. ఆసుపత్రిలో జరిగింది

ఇది సాక్ష్యం కింద రాస్తున్నాను. చాలావరకు పర్సిస్ చెప్పింది. ఆ పిల్ల కడుపుతో ఉండి కూడా దొరికిన విమానం ఎక్కి వచ్చేసింది.

స్టెంట్ వేశాక నేను త్వరగా తెలివిలోకి రాలేదట. నర్సు గారు నవోమితో, "ఊరికే కూర్చోకండి, పేరు పెట్టి పిలవండి, వాళ్ళకి వినపడుతుంది" అన్నారట. నవోమి "ఏవండీ" అంది. "ఏవండీ, ఇదిగో" అంది. నర్సు గారు, అదేనా ఆయన పేరు అని అడిగారట. నవోమి కాదన్నట్టు తలూపి, గదిలో ఎవరున్నారో ఒకసారి చూసి, నా చెవి దగ్గరకి వంగిందట.

"ఆన్స్‌గర్" అంది. "ఆన్స్‌గర్ గారూ, లేవండి. ఇంటికెళ్దాం."

ఇది పర్సిస్ చెప్పక్కర్లేదు. ఇది నేను విన్నాను. మేష్టారి నోట, ఆఫీసర్ల నోట, కాఫీ కొట్ల నోట ఆ పేరు విన్నాను. అన్ని చోట్లా అది ఎవరిదో సామాను పొరపాటున నాకు అప్పజెప్పినట్టుండేది. ఆ రోజు మాత్రం నాదే అనిపించింది. బావుంది కూడా. కళ్ళు తెరిచాను.

ఇంటికొచ్చాక అడిగితే నవోమి ఒప్పుకోలేదు. "మందుల మత్తులో ఏదో విని ఉంటారు. నేనేం అన్లేదు" అని కూర తరగడంలో పడింది. పర్సిస్ ఫోన్లోంచి, "మమ్మీ, నువ్వు టోటల్లీ అన్నావ్. నేను దేర్ ఉన్నాను" అని అరిచింది. నవోమి ఫోన్ పెట్టేసింది. మర్నాటినించి మళ్ళీ "పర్సిస్ డాడీ, మాత్ర వేసుకున్నారా?"

10. పేరు

పై కారణాలవల్ల, ఆన్స్‌గర్ అనే నా పేరుని, పైన రాసిన హద్దులతో, దాని మీద ఉన్న బిషప్పు కష్టాలతో, మా ముత్తాత కుర్చీతో సహా, నా భార్య కొల్లాబత్తుల నవోమికి సంపూర్ణ హక్కులతో ఇస్తున్నాను. షాలేం రాజుకి గానీ, జితేందర్‌కి గానీ, సుధ గారికి గానీ, వెబ్‌సైట్‌కి గానీ ఇందులో ఏ హక్కూ లేదు.

పర్సిస్ కొడుక్కి ఆ పేరు పెట్టాలా వద్దా అన్నది నవోమి ఇష్టం. పెడితే ఒక షరతు. కాగితం మీద ఆన్స్‌గర్, ఇంట్లో బన్నీ, చిన్నూ, తాతబ్బాయి అంటే కుదరదు. ఆ పేరుతోనే ఎత్తుకోవాలి, ఆ పేరుతోనే తిట్టాలి. "ఆన్స్‌గర్, బూట్లు విప్పి లోపలికి రా" అని నవోమి గుమ్మంలో నిలబడి కేకెయ్యగలగాలి. నేను ఇంట్లో ఉండగానే, నాకు వినపడేట్టు. రెండు తలలు తిరిగితే తిరగనీ.

అనలేకపోతే అందులో తప్పేమీ లేదు. పిల్లాడికి సుధ గారి అక్షరంతో పేరు పెట్టుకోండి, అందరికీ సుఖం. అప్పుడు నా పేరు నా సమాధి రాయి మీద ఉంటుంది. రాయి మీద ఉంటుంది గానీ రాయి పిలవదు. ఇన్నాళ్ళూ అలవాటే కాబట్టి నాకేం ఇబ్బంది లేదు.

మిగతా క్లాజులన్నీ నా తదనంతరం. ఇది ఒక్కటి మాత్రం నేను పోయేదాకా ఆగక్కర్లేదు.

11. సాక్షులకి ఏమీ రాయకూడదట. అందువల్ల పక్కింటి దివాకర్ గారికి ఇద్దామనుకున్న నా డ్రిల్లింగ్ మిషన్ ఇవ్వలేకపోతున్నాను. అది ఎలాగూ రెండేళ్ళుగా ఆయన గరాజ్‌లోనే ఉంది.

షరా: సంతకాలు పెట్టబోయే ముందు చేర్చినది. నోటరీ ముద్ర కోసం మేమంతా లైబ్రరీలో చిన్న గదిలో కూర్చున్నాం. దివాకర్, ఆయన భార్య అనురాధ సాక్షులుగా వచ్చారు. నవోమి రానంటూనే వచ్చి, వెనక కుర్చీలో కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈ కాగితం నిన్న రాత్రి వంటింట్లో బల్ల మీద మర్చిపోయినట్టుగా పెట్టాను. చదివిందో లేదో అడగలేదు. నోటరీ గారు వీలునామా రాసినవారి పేరు పైకి చెప్పమన్నారు. నేను గొంతు సవరించుకుంటున్నాను. నవోమి వెనకనించి చెప్పింది. నోటరీ గారికి అర్థం కాలేదు, మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పింది, ఈసారి అద్దాల గోడ అవతల చదువుకుంటున్నవాళ్ళు తలెత్తి చూసేంత గట్టిగా. స్పెల్లింగ్ అడిగారు. కోటు పట్టుకుని లేచి, బల్ల దగ్గరకి వచ్చి, ఒక్కో అక్షరం వేలితో బల్ల మీద కొడుతూ చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. ఎన్నాళ్ళనించి సాధన చేస్తోందో నేను అడగలేదు, అడిగితే మళ్ళీ లేదంటుంది.

పదో క్లాజు అమల్లోకి వచ్చింది. నా దస్తూరీ కాస్త వంకరగా ఉంటే ఆవిడ వైపు చూస్తూ రాయడం వల్ల. గుండెకి సంబంధం లేదు.

నేపర్‌విల్, 2025 ఫిబ్రవరి 3, సోమవారం. బిషప్పు గారి పండగ.

(సంతకం) కొల్లాబత్తుల ఆన్స్‌గర్

సాక్షులు:
1. దివాకర్
2. అనురాధ

పేరు పలికినది: కొల్లాబత్తుల నవోమి, నా భార్య